తిరుపతి, కాణిపాకం ప్రయాణం: ఐదుగురం, చిన్న హోటళ్ళలో తిండి ఎక్కడ బాగుంటుంది?

తుని కోడలు (మంగళవారం, ఉదయం 9.20)

అందరికీ నమస్కారం. సంక్రాంతి వెళ్ళాక మొక్కు తీర్చుకోవడానికి తిరుపతి వస్తున్నాం. నేను, మావారు, అత్తయ్యగారు, ఇద్దరు పిల్లలు. అత్తయ్యకి 68 ఏళ్ళు, షుగర్ ఉంది, వేళకి తినకపోతే కళ్ళు తిరుగుతాయి. చిన్నదానికి ఆరేళ్ళు, కారం నాలుక్కి తగిలితే ఇక ముద్ద ముట్టదు.

రైలు తెల్లవారకముందే తిరుపతిలో దింపుతుంది. మొదటి రోజు తిరుచానూరు, గోవిందరాజస్వామి గుడి. రెండో రోజు కొండ మీద 300 రూపాయల దర్శనం. మూడో రోజు కాణిపాకం, అక్కణ్ణుంచి చిత్తూరులో మావారి స్నేహితుణ్ణి చూసి, మళ్ళీ తిరుపతి వచ్చి రాత్రి రైలు.

తిండికి రోజుకి వెయ్యి రూపాయలు పక్కన పెట్టాను. పెద్ద హోటళ్ళు వద్దు. పోయినసారి వచ్చినప్పుడు స్టేషన్‌కి దగ్గరలో లైట్లు, అద్దాలు చూసి ఒకచోట కూర్చున్నాం. చల్లారిన పూరీ, నీళ్ళ సాంబారు, చేతికొచ్చిన బిల్లు చూసి మావారు ఆ పూటంతా మాట్లాడలేదు. అక్కడివాళ్ళు రోజూ తినే చోట్లు చెప్పండి.

బాలాజీకాలనీ (మంగళవారం, ఉదయం 10.05)

అక్కా, నేను ఎస్వీ యూనివర్సిటీలో ఐదేళ్ళు చదివాను, హాస్టల్ తిండి విసుగెత్తిన ప్రతిసారీ ఊరంతా తిరిగాను. ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. యాత్రికులు నడిచే వీధి వదిలేసి, దాని పక్క సందులోకి వెళ్ళండి. స్టేషన్ ఎదురు రోడ్డులో, గోవిందరాజస్వామి గుడి చుట్టూ ఉన్న హోటళ్ళకి మీరు మళ్ళీ వస్తారన్న నమ్మకం లేదు, రావాల్సిన అవసరమూ లేదు. రేపటి రైలుకి ఇంకో వెయ్యిమంది దిగుతారు. అదే బాలాజీ కాలనీలో మెస్ నడిపే మనిషికి మేమే దిక్కు. సాంబారు ఒక్కరోజు పాడైతే మర్నాడు నలభైమంది విద్యార్థులు పక్క మెస్‌లో కూర్చుంటారు.

యూనివర్సిటీ ముందు వీధులు, టౌన్ క్లబ్ దగ్గరి సందులు, రుయా ఆస్పత్రి, స్విమ్స్ ఎదురుగా ఉండే చిన్న హోటళ్ళు చూడండి. ఆస్పత్రుల దగ్గర రోగుల వెంట వచ్చినవాళ్ళు తింటారు, అందుకే కారం తక్కువ, ధర తక్కువ, ఇడ్లీ ఎప్పుడూ ఉంటుంది. మీ అత్తయ్యగారికీ, చిన్నదానికీ సరిగ్గా అలాంటిదే కావాలి.

హోటల్ పేర్లు కావాలనే చెప్పడం లేదు. వంట మాస్టర్ మారితే రుచి మారిపోతుంది. నేను చదువుకునే రోజుల్లో ప్రాణం పెట్టిన దోశ ఇప్పుడు అదే బోర్డు కింద, అదే పెనం మీద వేరేగా ఉంది.

ఒంగోలు బాటసారి (మంగళవారం, మధ్యాహ్నం 12.40)

ఆటో అతన్ని మాత్రం హోటల్ చూపించమని అడక్కండి అమ్మా. కిందటేడు మేం నలుగురం అడిగాం. చాలా మర్యాదగా మాట్లాడాడు, "మంచి భోజనం సార్" అని ఒకచోట దించాడు. బోర్డు మీద ధరలు లేవు, గోడ మీదా లేవు. కూర్చోగానే ఆకులు వేసేశారు, వడ్డించేశారు. రెండోసారి పప్పు వేసినందుకు వేరే, అప్పడానికి వేరే, పెరుగుకి వేరే కట్టారు. అడిగితే "ఇక్కడ అంతే" అన్నారు. మా నాన్న చేయి కడుక్కుని బయటికొచ్చి అరుగు మీద కూర్చున్నారు, ఆయన ముఖం ఇప్పటికీ నా కళ్ళముందు ఉంది. డబ్బు పోయినందుకు కాదు, దేవుడి దర్శనం చేసుకుని వచ్చి అలా మోసపోయామే అని.

అప్పట్నుంచి నేను కూర్చునే ముందే మూడు అడుగుతాను. మీల్స్ ఎంత? అన్నం, పప్పు, సాంబారు మళ్ళీ అడిగితే వేస్తారా? పెరుగు అందులోదేనా? ఈ మూడింటికీ తడుముకోకుండా జవాబు చెప్పిన చోట ఎప్పుడూ నష్టపోలేదు.

లెక్కల మాస్టారు (మంగళవారం, మధ్యాహ్నం 2.15)

బిల్లు మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను, నేను చిత్తూరులో చిన్న వ్యాపారాలకి పద్దులు రాస్తాను. మామూలు హోటల్ భోజనానికి జీఎస్టీ 5 శాతం. కానీ చాలా చిన్న హోటళ్ళు కాంపొజిషన్ పద్ధతిలో ఉంటాయి. వాళ్ళు పన్ను తమ అమ్మకాల మీద తామే కట్టాలి, తినేవాళ్ళ దగ్గర విడిగా వసూలు చేయకూడదు. కాబట్టి బిల్లులో జీఎస్టీ అని వేరే గీత కనబడితే, దాని మీద జీఎస్టీ నంబరు ఉందో లేదో చూడండి. నంబరు లేని బిల్లు మీద పన్ను కట్టనక్కర్లేదు, నంబరు ఉన్నా కాంపొజిషన్ హోటల్ అయితే విడిగా కట్టనక్కర్లేదు.

ఇంకొకటి, సర్వీస్ ఛార్జి. దాన్ని బిల్లులో తమంతట తాము కలపకూడదని 2022 జులైలో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ చెప్పింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా అది సరైనదే అంది. తీసేయమని నెమ్మదిగా అడగండి. వినకపోతే 1915కి ఫోన్ చేసి చెప్పవచ్చు. అయితే రెండు బెంచీల ఇడ్లీ హోటల్లో ఈ గొడవ అసలు రాదు. అక్కడ బిల్లే ఉండదు, తిన్నది మీరే నోటితో చెబుతారు, ఆయన నమ్ముతాడు.

టిఫిన్ బండి (మంగళవారం, రాత్రి 9.50)

అందరి మాటలూ చదివినాను. నాది కొర్లగుంట వైపు ఒక టిఫిన్ బండి. పదహారేళ్ళుగా నేను, నా భార్య నడుపుతున్నాం. మా వైపు నుంచి కొన్ని సంగతులు చెబితే తుని అమ్మకి పనికొస్తాయని రాస్తున్నాను.

మేం లేచేది మూడింటికి. పిండి ముందురోజు సాయంత్రమే రుబ్బి పెడతాం, ఒక పాలు మినప్పప్పుకి మూడు పాళ్ళ బియ్యం. మీరొచ్చే జనవరిలో చలికి పిండి తొందరగా పొంగదు, అందుకే గిన్నెకి గోనెసంచి చుట్టి పొయ్యి పక్కన పెడతాం. ఐదున్నరకి మొదటి వాయి దిగుతుంది. మాది గుడ్డ ఇడ్లీ. తడిపిన గుడ్డ గుంతల మీద పరిచి పిండి పోస్తాం. ఉడికినాక ప్లేటు తిరగేసి, గుడ్డ వెనక నీళ్ళు చల్లి మెల్లగా లాగితే ఇడ్లీ ఊడి వస్తుంది, నూనె చుక్క కూడా పడదు. మా ఇంటావిడ ఆ గుడ్డ లాగుతుంటే చూడాలి, ఒక్క ఇడ్లీ అంచు కూడా చిరగదు.

చెట్నీ రెండుసార్లు రుబ్బుతాం, ఐదున్నరకి ఒకసారి, ఎనిమిదికి ఒకసారి. టెంకాయ చెట్నీ ఎండలో ఆగదు. పదింటికి వచ్చి తింటే మాది కూడా మీకు బాగుండదు, నిజం చెబుతున్నా. బండి దగ్గర తినాలంటే ఆరు నుంచి ఎనిమిదిన్నర లోపలే రండి. అప్పుడు ఆటోవాళ్ళు, పాలవాళ్ళు, మార్కెట్ కూలీలు ఉంటారు, వాయి వెంట వాయి పోతుంది, మీ ప్లేటులోది అప్పుడే దిగినదై ఉంటుంది.

కొత్త చోటికి పోతే నేను చూసేవి చెబుతా. సాంబారు గిన్నె మంట మీద ఉందా, కింద పెట్టేసినారా? నీళ్ళ డ్రమ్ముకి మూత ఉందా, ముంచుకునేదానికి పిడి ఉన్న చెంబు ఉందా, చెయ్యి ముంచుతున్నారా? వడ తీసిన నూనె నల్లగా ఉందా? వడ పేపర్లో పెట్టి ఇస్తే వద్దనండి, ఆకులో పెట్టమనండి. ఆ సిరా కడుపులోకి పోతుంది, అచ్చుకాగితంలో తిండి కట్టకూడదని రూలు కూడా ఉంది.

ఒక మనవి. మా గ్యాస్ 19 కిలోల సిలిండర్, దాని ధర ఒకటో తారీఖు వస్తే మారుతుంది. మేం ఇడ్లీ ధర అట్లా నెలనెలా మార్చలేం, రోజూ వచ్చే కూలీ మొహం చూసి ఎట్లా పెంచేది? చేతిలో పెద్దగా డబ్బు నిలవదు, కాబట్టి పొద్దున్నే మొదటి బేరానికి ఐదు వందల నోటు ఇవ్వకండి, చిల్లర తెచ్చుకోండి. పసిబిడ్డకి చెట్నీ వద్దు, చక్కెర, నెయ్యి కావాలంటే అడగండి. పిల్లలకి ఎవరూ లేదనరు.

తుని కోడలు (బుధవారం, ఉదయం 6.30)

అన్నయ్యా, ఇది మా అత్తయ్యకి మొత్తం చదివి వినిపించాను. గుడ్డ ఇడ్లీ అంటే ఆవిడ పుట్టింట్లో చేసేవారట. "ఆ బండి దగ్గరికే తీసుకెళ్ళు" అన్నారు.

రుయా నర్సు (బుధవారం, ఉదయం 7.45)

షుగర్ ఉన్నవాళ్ళ గురించి నేను చెబుతాను. యాత్రలో నేను ఎక్కువగా చూసేది ఎక్కువ తిని పడిపోయినవాళ్ళని కాదు, వేళకి తినకుండా మందు వేసుకుని పడిపోయినవాళ్ళని. దర్శనం క్యూలో ఎంతసేపు పడుతుందో ఎవరూ చెప్పలేరు. అత్తయ్యగారి సంచిలో వేయించిన శనగలు, ఒక అరటిపండు, నాలుగు చక్కెర బిళ్ళలు ఉండాల్సిందే. పరగడుపున మందు వేసి లైనులో నిలబెట్టకండి. మందు వేళలు మారుతున్నాయి కాబట్టి బయల్దేరే ముందు ఒకసారి మీ డాక్టర్ని అడగండి.

తిరుపతిలో పొద్దున ఎక్కడ చూసినా పొంగల్ ఉంటుంది, మిరియాలు, నెయ్యి, జీడిపప్పుతో వాసనే లాగేస్తుంది. ఆవిడకి అది ఒక గరిటె చాలు, ఇడ్లీ పక్కన రుచికి పెట్టండి. రాగి సంగటి షుగర్‌కి మంచిదని బోర్డులు కనబడతాయి. రాగి మంచిదే, కానీ హోటల్ సంగటిలో బియ్యమో నూకలో కూడా ఉంటాయి. ఒక ముద్దలో సగం తిని ఆకుకూర పప్పు ఎక్కువ వేయించుకోమనండి.

చిన్నదానికి కోసి పెట్టిన పండ్లు, ఐసు వేసిన మజ్జిగ కొనివ్వకండి. అరటిపండు, కమలా మీరే ఒలిచి పెట్టండి.

నడకదారి (బుధవారం, ఉదయం 11.10)

కొండ మీద తిండికి డబ్బు ఖర్చే అక్కర్లేదు. తరిగొండ వెంగమాంబ అన్నప్రసాద కేంద్రంలో భోజనం ఉచితం, ఎవరైనా కూర్చోవచ్చు. నిత్యాన్నదానం 1985లో మొదలైంది, ఇప్పుడున్న పెద్ద భవనం 2011 నుంచి నడుస్తోంది. ఆ పేరు పెట్టడం నాకు ఎంతో నచ్చుతుంది. వెంగమాంబ మన చిత్తూరు సీమ తరిగొండలో పుట్టిన కవయిత్రి, కొండ మీద భక్తులకి అన్నం పెట్టిన తల్లి.

నేను నెలకోసారి అలిపిరి మెట్లు ఎక్కుతాను, ఎక్కిన ప్రతిసారీ అక్కడే తింటాను. చక్కెర పొంగలి, కూర, చట్నీ, అన్నం, సాంబారు, రసం, మజ్జిగ. 2025 మార్చి నుంచి వడ కూడా పెడుతున్నారు. కారం పెద్దగా ఉండదు, చిన్నపాప తింటుంది. అన్నం బకెట్ వచ్చినప్పుడే సాంబారు బకెట్ రాదు, వరసలో వస్తాయి, అందుకే పిల్లలకి ఆకలి నకనకలాడకముందే వెళ్ళండి. జనం ఉంటే హాలు బయట ఆగాలి. అత్తయ్యగారు ఎక్కువసేపు నిలబడలేకపోతే సేవకులకి చెప్పండి.

ప్లాస్టిక్ నీళ్ళ సీసాలు కొండ మీద వాడనివ్వరు. ఇంటి నుంచే స్టీలు సీసా తెచ్చుకుని జలప్రసాదం కొళాయిల దగ్గర నింపుకోండి. కొండ కింద కూడా తిరుచానూరులో, బస్టాండు ఎదురు శ్రీనివాసంలో, స్టేషన్ ఎదురు విష్ణునివాసంలో అన్నప్రసాదం పెడతారు. కాణిపాకం గుడిలోనూ ఉంది.

ఒంగోలు బాటసారి (బుధవారం, మధ్యాహ్నం 1.05)

ఐదు రూపాయల అన్న క్యాంటీన్లు కూడా ఉన్నాయి కదా, తిరుపతిలో, చిత్తూరులో. పొద్దున ఏడున్నర నుంచి, మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి, రాత్రి ఏడున్నర నుంచి. ఐదుగురికి 25 రూపాయలు!

బాలాజీకాలనీ (బుధవారం, మధ్యాహ్నం 1.30)

అన్నా, నాకు మాత్రం ఒక సందేహం. రోజుకి వెయ్యి పెట్టుకోగలిగినవాళ్ళం అక్కడ లైన్లో నిలబడితే, వెనకాల ఉన్న కూలీకి అన్నం అయిపోతుందేమో. అక్కడ తినడం తప్పనడం లేదు. నేనూ ఉద్యోగం రాకముందు తిన్నాను, పప్పన్నం వేడిగా ఉండేది. చేతిలో డబ్బున్న రోజు ఆ ముద్ద ఇంకొకరికి వదిలేయాలని నాకనిపిస్తుంది.

ఒంగోలు బాటసారి (బుధవారం, మధ్యాహ్నం 1.50)

అది అందరి కోసమూ పెట్టినదే తమ్ముడూ, తినే మనిషిని చూసి పెట్టరు. అయినా నువ్వు చెప్పింది నా మనసుకి తగిలింది. డబ్బులు అయిపోయి ఇరుక్కున్నప్పుడు మాత్రం గుర్తుపెట్టుకోమ్మా.

పాకాల జంక్షన్ (బుధవారం, రాత్రి 8.30)

మూడో రోజు సంగతి ఎవరూ ఎత్తలేదు, అది నేను చెప్పాల్సిందే. మాది పాకాల. తిరుపతి తిండి సగం యాత్రికులది, చిత్తూరు తిండి మాది.

తిరుపతి బస్టాండులో కాణిపాకానికి నేరుగా బస్సులుంటాయి, చంద్రగిరి మీదుగా పూతలపట్టు దాకా వచ్చి లోపలికి తిరుగుతాయి. దాదాపు 70 కిలోమీటర్లు, రెండు గంటలు వేసుకోండి. పొద్దున్నే ఇడ్లీ తినేసి ఎక్కండి. గుడి ముందు మాత్రం కొబ్బరికాయ, పూలు కొని, తిండి కొనకుండా లోపలికి పోండి. దర్శనం అయినాక అన్నదానంలో తింటారో, చిత్తూరు చేరి తింటారో మీ ఇష్టం. కాణిపాకం నుంచి చిత్తూరు పన్నెండు కిలోమీటర్లు కూడా ఉండదు.

చిత్తూరులో మీరు వెతకాల్సిన బోర్డు "సంగటి". పెద్ద హోటల్లో కాదు, ముందర ఒక రేకుల పందిరి, లోపల నాలుగు బల్లలు, పొయ్యి మీద పెద్ద తపేలా ఉంటుంది చూడండి, అట్లాంటి చోట. సంగటి కెలికే కట్టె గోడకి ఆనించి ఉంటుంది. ఆయన తడి చేత్తో ముద్ద చేసి ఆకులో పెడతాడు, ఆవిరి మొహానికి కొడుతుంది. మధ్యలో బొటనవేలితో గుంత చేసి అందులో పులుసు పోసుకోండి. చిన్నగా తుంచి, పులుసులో ముంచి, నమలకుండా మింగాలి. కొత్తవాళ్ళు నమిలి పళ్ళకి అంటుకుందని అంటారు. రెండో ముద్దకి అలవాటు పడతారు.

ఇంక పులుసు. నాటుకోడి పులుసు మా చిత్తూరు సీమ పేరు నిలబెట్టిందే. కానీ మీరు మొక్కు మీద ఉన్నారు, అడగను. జనవరి కాబట్టి మీకు అంతకంటే మంచిది దొరుకుతుంది: పితికిపప్పు. అనపగింజలు నానబెట్టి ఒక్కో గింజని వేళ్ళమధ్య పితికితే తోలు ఊడి పప్పు బయటికొస్తుంది. ఒక తపేలా పులుసుకి ఇంట్లో ఆడవాళ్ళంతా సాయంత్రం కూర్చుని పితుకుతారు. చలికాలం దాటితే ఉండదు. బోర్డు మీద రాయరు, "పితికిపప్పు ఉందా?" అని నోటితో అడగాలి. ఉంటే ఆ రోజు మీ అదృష్టం.

పక్కన ఊరుబిండి పెడతారు, వేరుశనగ గింజలు, మిరపకాయలు దంచి చేసేది. అది చెట్నీ అనుకుని ఎక్కువ వేసుకోకండి, కారం. ఒక వేలితో తీసుకుని సంగటికి అంటించుకోవాలి. మీ చిన్నపాపకి సంగటిలో నెయ్యి, బెల్లం పెట్టమని అడగండి. మా చిత్తూరు బెల్లం మార్కెట్ కూడా పేరున్నదే.

సాయంత్రం ఆకలేస్తే అలసంద వడలు, గుంతపొంగణాలు బండ్ల మీద దొరుకుతాయి. పరోటా, దానిలోకి పోసే పలచటి కూర సాల్నా కూడా ప్రతి సర్కిల్లో ఉంటాయి, తమిళనాడు వేలూరు పక్కనే కదా. సాల్నా మాంసానిదా, కూరగాయలదా అని తప్పకుండా అడగండి, చూస్తే తెలియదు.

రుయా నర్సు (బుధవారం, రాత్రి 9.05)

పాకాల అన్న చెప్పినట్టు పితికిపప్పు దొరికితే అత్తయ్యగారికి బాగా పెట్టండి. అన్నం కంటే అదే నయం. పొట్ట బరువెక్కుతుంది, అందుకని రాత్రి రైలుకి ముందు కాకుండా మధ్యాహ్నమే తినండి.

నడకదారి (గురువారం, ఉదయం 6.15)

నాటుకోడి మాట వచ్చింది కాబట్టి ఒకటి. మా ఇంట్లో కొండకి వచ్చిన నెలంతా ముట్టం. అందరూ అలా ఉండాలని అనను.

పాకాల జంక్షన్ (గురువారం, ఉదయం 7.00)

అన్నా, మా ఇంట్లోనూ కొండ నుంచి వచ్చి, ఇంట్లో ప్రసాదం పంచి, మర్నాడు తల స్నానం చేశాకే కోడి కోస్తారు. నేను పెట్టమన్నది పితికిపప్పే.

లెక్కల మాస్టారు (గురువారం, ఉదయం 10.20)

మధ్యాహ్నం భోజనం వేళ గురించి ఎవరూ చెప్పలేదు. చిన్న మెస్‌లలో పన్నెండున్నరకి మొదలై రెండున్నర దాటితే గిన్నెలు కడిగేస్తారు. మిగిలిపోతే నష్టం కాబట్టి వాళ్ళు లెక్కగా వండుతారు. మూడింటికి వెళ్ళి లేదన్నారని కోపం తెచ్చుకోకూడదు. కొండ దిగేసరికి ఆలస్యమైతే పెరుగన్నమో, చపాతీయో దొరికే చోటు ఒకటి ముందే చూసి పెట్టుకోండి.

అరిటాకు భోజనంలో "ఫుల్ మీల్స్", "ప్లేట్ మీల్స్" వేరు. ప్లేట్ అంటే ఒకసారి పెట్టిందే. మీ ఐదుగురిలో ఇద్దరికి ఫుల్, అత్తయ్యకీ పెద్ద పిల్లాడికీ ప్లేట్ చెప్పి, చిన్నదాన్ని పక్కన కూర్చోబెట్టుకోవచ్చు. ముందే అడగండి. ఫుల్ మీల్స్‌లోంచి పిల్లకి పెట్టడం కొన్నిచోట్ల ఒప్పుకుంటారు, కొన్నిచోట్ల ఒప్పుకోరు.

తుని కోడలు (మూడు వారాల తర్వాత, సోమవారం, రాత్రి 8.10)

వచ్చి రెండు రోజులైంది. మీ అందరికీ చెప్పకుండా ఉండలేకపోయాను.

మొదటి రోజు ఆరున్నరకి టిఫిన్ బండి అన్నయ్య చెప్పిన వైపు వెళ్ళాం. ఆయన బండి అదో కాదో తెలియదు, పేరు అడగలేదు. కానీ ఒకావిడ ప్లేటు తిరగేసి, గుడ్డ మీద నీళ్ళు చల్లి లాగుతోంది. మా అత్తయ్య అక్కడే నిలబడిపోయారు. నాలుగు ఇడ్లీలు తిన్నారు, నేను వద్దంటే "అమ్మ చేసినట్టుంది" అన్నారు. ఇంకేం అనగలను? మధ్యాహ్నం తిరుచానూరులో అన్నప్రసాదం. రాత్రి రుయా ఎదురు సందులో ఇడ్లీ, చపాతీ. ఆ రోజు మొత్తానికి మా ఖర్చు 410 రూపాయలు.

రెండో రోజు తప్పు నాదే. దర్శనం అయ్యాక పిల్లలు బొమ్మల కొట్ల దగ్గర ఆగిపోయారు, వెంగమాంబ కేంద్రం దగ్గర జనాన్ని చూసి కిందికి వెళ్ళి తిందాం అన్నాను. బస్సు దిగి, మెస్ వెతుక్కునేసరికి మూడూ నలభై. వరసగా మూడుచోట్ల గిన్నెలు బోర్లించేశారు. అత్తయ్యకి చేతులు వణకడం మొదలైంది, నాకు ఒకటే టెన్షన్. నర్సమ్మగారు చెప్పిన చక్కెర బిళ్ళలు, అరటిపండు సంచిలో ఉన్నాయి, మెట్టు మీద కూర్చోబెట్టి పెట్టాను. పది నిమిషాలకి తేరుకున్నారు. నాలుగో హోటల్లో ఆయన కూడా అయిపోయిందనే అన్నాడు, కానీ అత్తయ్యని చూసి లోపలికి వెళ్ళి, తమ పనివాళ్ళ కోసం ఉంచుకున్న అన్నంలో పెరుగు కలిపి, నిమ్మకాయ ఊరగాయతో తెచ్చాడు. డబ్బులు ఇస్తే పిల్లలకి మాత్రం లెక్క కట్టలేదు. కొండ మీదే ఆగి తినాల్సింది. రుణపడ్డాను ఆయనకి.

మూడో రోజు చిత్తూరులో మావారి స్నేహితుడు పెద్ద హోటల్‌కి తీసుకెళ్తానంటే, సంగటి కావాలని పట్టుబట్టాను. రేకుల పందిరి, నాలుగు బల్లలు, అచ్చం మీరు చెప్పినట్టే. పితికిపప్పు ఉందా అని అడిగితే ఆయన నన్ను ఎగాదిగా చూసి, "ఏ ఊరు అమ్మా మీది?" అన్నాడు. తుని అంటే నమ్మలేదు. రెండో గరిటె అడక్కుండానే వేశాడు. మా పెద్దాడు మొదటి ముద్ద నమిలి ముఖం చిట్లించాడు, మింగడం నేర్చుకున్నాక ముద్దన్నర తిన్నాడు. చిన్నది బెల్లం, నెయ్యితో వేళ్ళు నాకింది.

ఇప్పుడు అత్తయ్య ఒకటే పట్టు. ఆ ఊరుబిండి ఎలా చేస్తారో కనుక్కోమంటున్నారు. పాకాల అన్నయ్యా, చెప్పండి.

టిఫిన్ బండి (సోమవారం, రాత్రి 9.40)

అమ్మా, ఆ పొద్దున ఒక పెద్దావిడ మా ఇంటావిడ చెయ్యి పట్టుకుని "గుడ్డ బాగా లాగుతున్నావు తల్లీ" అన్నారంట. నీలం చీర, చేతిలో స్టీలు సీసా. మీవాళ్ళేనా?

తుని కోడలు (సోమవారం, రాత్రి 9.52)

అవునన్నయ్యా, ఆవిడే! నీలం చీర!

పాకాల జంక్షన్ (సోమవారం, రాత్రి 10.15)

ఊరుబిండికి: ఒక గ్లాసు చెనక్కాయల (వేరుశనగ) గింజలు దోరగా వేయించి పొట్టు తీయండి. ఎండుమిరపకాయలు ఎనిమిది, మీ కారానికి ఐదు చాలు, అరచుక్క నూనెలో వేయించండి. చిన్న నిమ్మకాయంత చింతపండు, ఉప్పు, నాలుగు తెల్లగడ్డ రెబ్బలు. ముందు మిరపకాయలు, ఉప్పు, చింతపండు దంచి, తర్వాత గింజలు వేసి పలుకుగా నూరాలి. చివర ఒక ఎర్రగడ్డ వేసి రెండు దెబ్బలు కొట్టి తీసేయండి. నీళ్ళు చేత్తో చిలకరిస్తే చాలు, పోయకూడదు.

తుని కోడలు (సోమవారం, రాత్రి 10.22)

తెల్లగడ్డ అంటే వెల్లుల్లి, ఎర్రగడ్డ అంటే ఉల్లిపాయ, అంతేనా? మా ఇంట్లో రోలు లేదన్నయ్యా, మిక్సీనే.

పాకాల జంక్షన్ (సోమవారం, రాత్రి 10.25)

అంతే. మిక్సీ అయితే ఆపి ఆపి తిప్పండి, మెత్తగైతే చెట్నీ అయిపోతుంది. ఎర్రగడ్డ మాత్రం మిక్సీలో వేయకండి, కత్తితో తరిగి చేత్తో కలపండి.